కీమో పేషెంట్ విరేచనాలకి మెడికల్ షాపు గోళీలా?

మా పిన్నికి మూడో కీమో అయిన తొమ్మిదో రోజు విరేచనాలు పట్టుకున్నాయి. బాబాయి వీధి చివర మెడికల్ షాపుకెళ్లి చెప్తే అతను కత్తెరతో స్ట్రిప్ కట్ చేసి నాలుగు ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ యాంటీబయాటిక్ గోళీలు, విరేచనాలు ఆపే లోపెరమైడ్ రెండు కవర్లో వేసిచ్చాడు. కీమో నడుస్తోందని బాబాయి చెప్పలేదు, అతనూ అడగలేదు. మర్నాడు రాత్రికి వణుకుడు జ్వరం, తెల్లారేసరికి బీపీ డౌన్. రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే బ్లడ్ కల్చర్‌కి రక్తం తీస్తూ డ్యూటీ డాక్టర్ అడిగిన మొదటి మాట, "ముందే యాంటీబయాటిక్ ఏమన్నా వేశారా?" మూడ్రోజుల తర్వాత రిపోర్ట్‌లో ఏ బాక్టీరియా పెరగలేదని వచ్చింది. ముందే మందు పడితే కల్చర్‌లో క్రిమి దొరక్కుండా పోవడం మామూలే. దాంతో శత్రువు ఎవరో తెలీకుండానే ఐసీయూలో ఇంజెక్షన్లు నడిపారు. పిన్ని బయటపడింది గానీ ఆ నాలుగు గోళీల మీద నా కోపం ఇంకా చల్లారలేదు.

యాంటీబయాటిక్ వద్దని నేననట్లేదు, అసలు గట్టిగా కావాల్సింది వీళ్లకే. ఆరోగ్యంగా ఉన్నోడికి టైఫాయిడ్ రకం కాని మామూలు సాల్మొనెల్లా (విరేచనాలు తెచ్చే బాక్టీరియా) వస్తే చాలావరకు పేగుల్లోనే ఆగి ఓఆర్ఎస్‌తో నాలుగు రోజుల్లో పోతుంది, అదే కీమో పేషెంట్‌కో హెచ్ఐవీ ఉన్నవాళ్లకో కిడ్నీ మార్పిడి అయినవాళ్లకో వస్తే రక్తంలోకి ఎక్కేసే ప్రమాదం ఎక్కువ. మళ్లీ మళ్లీ వచ్చే సాల్మొనెల్లా సెప్టిసీమియాని (రక్తంలో ఇన్ఫెక్షన్) 1987 నుంచే ఎయిడ్స్ గుర్తుల్లో లెక్కేస్తున్నారు. తెల్లకణాలు పడిపోయిన పేషెంట్‌కి జ్వరం 100.4 తాకిందంటే ఎమర్జెన్సీయే, రక్తం శాంపిల్ తీసి గంటలోపు మొదటి డోసు పడాలి.

కానీ ఏ మందు? మన దగ్గర టైఫాయిడ్ క్రిమి, క్యాంపైలోబాక్టర్ (విరేచనాలు తెచ్చే ఇంకో బాక్టీరియా) రెండూ సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్‌లకి ఎప్పుడో అలవాటు పడిపోయాయి, క్రిమిని బట్టి అజిత్రోమైసినో సెఫ్‌ట్రియాక్సోనో చూడాలి. సి.డిఫిసిల్ అనే పేగు బాక్టీరియా అయితే కథే వేరు, అది ఎక్కువగా యాంటీబయాటిక్స్ వాడకం వల్లే వస్తుంది, దానికి వాంకోమైసిన్ నోటి ద్వారానే ఇవ్వాలి, నరానికి ఎక్కిస్తే పేగు దాకా చేరదు. అలాంటప్పుడు లోపెరమైడ్‌తో విరేచనాలు బిగించేస్తే ఇంకా ప్రమాదం. కిడ్నీ మార్పిడి వాళ్లకైతే విరేచనాలకే టాక్రోలిమస్ (కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా వేసుకునే మందు) లెవెల్ పెరిగిపోతుంది, పైన క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ పడితే ఇంకా పెరుగుతుంది. ఇన్ని తేడాలుంటే కౌంటర్ దగ్గర అందరికీ అదే కవరు.

పల్లెల్లో డాక్టర్ ఎక్కడున్నాడు, షాపువాడే దిక్కు అంటారు. ఆ ఇబ్బంది నిజమే. కానీ మామూలు విరేచనాలకైతే షాపువాడు ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇస్తే చాలు, కీమో పేషెంట్ అయితే తిప్పి హాస్పిటల్‌కి పంపాలి, రెండింట్లోనూ ఆ గోళీకి చోటు లేదు.

నన్ను అసలు భయపెట్టేది ఇంకోటి. కీమోలో రక్తానికెక్కే క్రిములు చాలాసార్లు పేషెంట్ సొంత పేగుల్లోవే. ఆ పేగులోకి మందులకి లొంగని మొండి క్రిములు మనందరి నుంచే వస్తాయి, నీళ్లతో, తిండితో, చేతులతో. పెళ్లి భోజనం పడలేదని మనం మింగిన ప్రతి అనవసరపు గోళీ వాటికి ట్రైనింగే. స్ట్రిప్ మీద ఎర్రగీత ఉంటే ప్రిస్క్రిప్షన్ లేకుండా కొనొద్దని కేంద్రం 2016లోనే ప్రచారం మొదలుపెట్టింది, ఇప్పుడు మీ ఇంట్లో మందుల డబ్బా తీసి చూడండి, ఎన్ని ఎర్రగీతలున్నాయో.

ఇక హైదరాబాద్ వాళ్లం మనకి ఇంకో పాపం కూడా ఉంది. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థాలు శుద్ధి చేసే ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ సైంటిస్టులు తేల్చారు. శుద్ధి చేశాక అంత! క్రిములకి రోజూ డోసు వేసి పెంచుతున్నట్టే కదా. 2020 జనవరిలో కేంద్రం డ్రాఫ్ట్ రూల్స్‌లో వ్యర్థ జలాల్లో యాంటీబయాటిక్స్‌కి పరిమితులు పెట్టింది, 2021లో ఫైనల్ రూల్స్ వచ్చేసరికి అవి ఎగిరిపోయాయి. పార్లమెంట్‌లో దీని మీద లేచి అడగాల్సింది ముందు మన రెండు రాష్ట్రాల ఎంపీలే, ఎందుకంటే ఆ నీళ్లు పారేది మన ఊళ్ల మధ్య నుంచే, మా పిన్నికి ఇంకా మూడు కీమోలు మిగిలి ఉన్నాయి.