కత్తెర ఎవరి చేతిలో ఉండాలి?

(నాలుగైదేళ్ల పిల్లలకు చలికాలపు కాగితం బొమ్మలు నేర్పే క్లాసు. కొందరికి వేళ్లలో పట్టు తక్కువ, ఒకరికి చూపు సరిగా ఆనదు, ఇంకొకరికి జిగురు ముట్టుకోవడమే పడదు. అందరూ కలిసి చేయాలి, వేళ్లకూ పని తగలాలి. ఎలా? క్రాఫ్ట్ మాస్టారు ఒక వైపు, పిల్లల చేతి కదలికలపై పనిచేసే థెరపిస్టు మరో వైపు.)

మాస్టారు: సూటిగా అడుగుతాను మేడమ్. అందరికీ అందుబాటులో ఉండాలని ముక్కలన్నీ మనమే కత్తిరించి ఇస్తే పిల్లలకు మిగిలేదేమిటి? పెంగ్విన్ పొట్ట రెడీ, ముక్కు రెడీ, కాళ్లు రెడీ. అలాంటి పెంగ్విన్ చేస్తే వేళ్లు చురుగ్గా అయ్యేది మనకే.

థెరపిస్టు: ఆ మాట ఒప్పుకుంటాను. కానీ మీ లిస్టులో మొదటిదే స్నోఫ్లేక్. కాగితం సగానికి మడిచి, దాన్ని మూడు వంతులుగా మడిచి, మళ్లీ సగం చేస్తే 12 పొరలు. పెద్దవాళ్లకే కత్తెర పక్కకి జారుతుంది, నాలుగేళ్ల పిల్ల ఏం కత్తిరిస్తుంది?

మాస్టారు: మంచు రేకుకి ఆరు చేతులుండాలి కదా! ఆరే ఎందుకని ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ అంతటివాడు 1611లోనే బుర్ర బద్దలు కొట్టుకున్నాడు.

థెరపిస్టు: ఇక్కడ కత్తిరించేది కెప్లర్ కాదండీ. మూడు పట్టీలు ఇచ్చి, మధ్యలో కలిసేలా ఒకదానిపై ఒకటి అంటించమనండి. ఆరు చేతులూ వచ్చేస్తాయి. అంచుల్లో చిన్న చిన్న గాట్లు పెట్టుకుంటారు. కత్తెర నేర్చుకునే పిల్లలకు మొదట వచ్చేది గాటే. గీత వెంట వెళ్లడం తర్వాత, వంపులు ఇంకా తర్వాత. కాగితం కాస్త దళసరిగా ఉండాలి, పల్చటిదైతే వంగిపోయి బ్లేళ్ల మధ్య ఇరుక్కుంటుంది.

మాస్టారు: అసలు కత్తెరే ఆడించలేని పిల్లాడికి?

థెరపిస్టు: తనంతట తనే తెరుచుకునే స్ప్రింగ్ కత్తెర ఉంది, నొక్కడం ఒక్కటే వాడి పని. ఎడమచేతి వాటం పిల్లలకు ఎడమచేతి కత్తెరే ఇవ్వాలి. మామూలుదైతే పై బ్లేడు గీతను కప్పేస్తుంది, వాళ్లు మెడ వంచి తిప్పలు పడతారు. ఇవేవీ కుదరకపోతే చింపడం. చింపుడు తేలికని అనుకోకండి. రెండు చేతుల బొటనవేలూ చూపుడువేలూ అంచుకి దగ్గర దగ్గరగా పట్టాలి, ఒక చెయ్యి ముందుకి, ఇంకోటి వెనక్కి కదలాలి. వేళ్లు దూరంగా పెట్టి లాగితే కాగితం చిరగదు.

మాస్టారు: ఒకడికి కత్తెర, ఒకడికి చింపుడు! పక్కవాడు వెంటనే ‘వాడికి రాదు’ అంటాడు.

థెరపిస్టు: అందుకే అన్నీ అందరి ముందూ పెట్టాలి. అందరూ చేసేది మంచుమనిషే. పొట్టలో ఎవరైనా చింపిన ముక్కలు అంటించవచ్చు, టిష్యూ నలిపి ఉండలు చేసి పెట్టవచ్చు.

మాస్టారు: చిక్కంతా అక్కడే. ఎంచుకోమంటే, కత్తెర కష్టమైనవాడు ఏడాది పొడవునా చింపుతూనే కూర్చుంటాడు.

(ఈ రౌండు మాస్టారిదే. అప్పటిదాకా తడుముకోని థెరపిస్టు కాసేపు ఆగారు.)

థెరపిస్టు: నిజమే, అలా వదిలేయకూడదు. పొట్ట చింపినా, మఫ్లర్ కుచ్చులకు రెండు గాట్లు కత్తెరతోనే పెట్టాలి. రెండు చాలు. మనం తీయాల్సింది అడ్డాన్ని, పనిని కాదు. జిగురు పడని పాపకు బ్రష్ ఇవ్వండి, పక్కన తడిగుడ్డ పెట్టండి, ఆమె బదులు మీరు అంటించకండి. చూపు తక్కువైన బాబుకు తెల్ల కాగితం మీద తెల్ల మంచు ఏం కనిపిస్తుంది? ముదురు నీలం చార్ట్ ఇవ్వండి. గీత మీద జిగురు పోసి ఆరనిస్తే ఉబ్బెత్తుగా వేలికి తగులుతుంది.

మాస్టారు: చెయ్యి పట్టి చేయించనా?

థెరపిస్టు: అడిగి చేయించండి. మీ చెయ్యి కింద, వాడి చెయ్యి పైన. వద్దనిపిస్తే వాడే తీసేసుకుంటాడు.

మాస్టారు: క్రిస్మస్ తాత వద్దన్నారు, ఎందుకు?

థెరపిస్టు: ఆ పండగ లేని ఇళ్ల పిల్లలూ ఉంటారు. చలి అయితే అందరిదీ.

మాస్టారు: మంచు కళ్లతో చూడని పిల్లలు ఎందరో మేడమ్! చలి కూడా అందరికీ ఒకేసారి రాదు, భూమధ్యరేఖకి దక్షిణాన జూన్, జూలైల్లో చలికాలం.

థెరపిస్టు: అయితే ఉన్ని చేతి తొడుగు బొమ్మ చేయించండి. అంచు చుట్టూ పంచింగ్ మెషీన్‌తో రంధ్రాలు వేసి, ఊలు దారం కుట్టించండి. దారం కొసకి టేపు గట్టిగా చుడితే సూది అక్కర్లేదు. పంచింగ్ మెషీన్ నొక్కడానికి బలం కావాలి, అది పిల్లలతోనే చేయించండి, ఇద్దరు కలిసి నొక్కినా సరే.

మాస్టారు: సరే, చివరికి ఇవన్నీ గోడకి పెడతాం. మా వాడిది ఇంత వంకరగా ఉందేమిటని తల్లిదండ్రులు అడుగుతారు.

థెరపిస్టు: వాడే కత్తిరించాడు కాబట్టి వంకరగా ఉందని చెప్పండి.

మాస్టారు: ఆ రోజు మీరే వచ్చి చెప్పండి మేడమ్. గోడ పక్కనే కుర్చీ వేయిస్తాను.