బోరుకి పాయింటు, బేసుకి పికప్పు

మా అనంతపురం జిల్లాలో రెండు సమస్యలు తరతరాలుగా తెగకుండా ఉండిపోయినాయి. బోరులో నీళ్ళు రావు, బేస్ గిటార్లో (లావు తీగల గిటారు, మేం బేసు అంటాం) బేసు, అంటే కింది మోత, రాదు. మొదటిదాని మీద కమిటీలు, ధర్నాలు, అఖిలపక్షాలు అన్నీ అయినాయి గానీ రెండోదాన్ని ఇంతవరకు ఒక్క నాయకుడూ పట్టించుకోలేదు, అందుకే ఆ భారం నేనే నెత్తినేసుకుంటాండా.

రెండింటికీ మనం చేసే వైద్యం ఒకటే. బోరు ఫెయిలైతే మోటారు సరిగ్గా దింపినామా, పైపు యాడన్నా పగిలిందా అని చూడం. అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా తిరిగే స్వామిని పిలుస్తాం, టెంకాయ లేచి నిలబడిన చోట ఇంకో 800 అడుగులు దింపుతాం. బేసు టోను బాగలేకపోయినా అంతే, తీగలు మార్చి ఎన్నేళ్ళైందో గుర్తుండదు గానీ యూట్యూబ్‌లో ఒక స్వామిని పట్టుకుంటాం. ఆయన చేతిలో టెంకాయ బదులు పికప్పు, అంటే తీగల కింద బిగించి వాటి మోతను పట్టే ముక్క, ఉంటాది. పాతది మడ్డీ (మోత బురదబురదగా ఉంటాది), కొత్తది పంచీ (గుద్దినట్లు పలుకుతాది) అంటాడు, మనం ఫోన్ స్పీకర్లో వింటాం. బేసులో లావు తీగ 41 హెర్ట్జ్‌ దగ్గర మోగుతాది, అంత కింది మోత పలికే శక్తి ఆ ఫోనుకి లేదు, ఐనా మనకు తేడా స్పష్టంగా తెలిసిపోతాది. భక్తి అంటే అదప్పా.

ఇంతకీ పికప్పులో ఉండేదేంది? అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ ఊగితే కింద రాగిలో కరెంటు పుడతాది. ఫారడే 1831లో కనుక్కున్నది ఇదే, మన చేన్లకొచ్చే కరెంటు పుట్టేదీ ఈ సూత్రం మీదే, కాకపోతే ఆయన దాన్ని జత 11 వేలకు అమ్మలేదు. 11 వేలు రాగికి పెట్టినానని చెప్తే మా అమ్మ సంగటికేసే రాగులనుకొని "ఎన్ని మూటలొచ్చినాయి నాయనా" అనింది.

నాది జాజ్ బేస్ అనే మోడల్‌కి నకలు. అసలుది ఫెండర్ అనే అమెరికా గిటార్ల కంపెనీ వాళ్ళు 1960లో తెచ్చినారు, దానికి రెండు పికప్పులు, కాబట్టి మార్చాలనే దురద కూడా రెండింతలు. అదే కంపెనీ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కి ఒకటే, బీదరైతుకి ఒకటే బోరున్నట్లు. అమెరికాలో మోటౌన్ అనే రికార్డుల కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ దాంతోనే, తీగలు తెగితే తప్ప మార్చకుండా, కుడిచేతి చూపుడువేలు ఒక్కదాంతో లాక్కొచ్చినాడు. ఇట్లాంటి వాళ్ళ వల్లే వ్యాపారాలు దెబ్బతినేది.

ఆదివారం పొద్దున్నే పికప్పులు మార్చేది మొదలుపెట్టినా. తీగలు వదులు చేసి, ప్లేటు స్క్రూలు ఊడదీసి, పాత వైర్లు కాల్చి తీసి కొత్తవి అంటించేసరికి మధ్యాహ్నం మూడైంది, ఒక స్క్రూ మంచం కిందికి పోయింది, ఇంకా అక్కడే ఉండాది. ఒక్కో పికప్పు విడిగా వింటే బ్రహ్మాండం. రెండు నాబులూ ఫుల్లు పెడితే మాత్రం కింది మోతంతా మాయమై, రేకు డబ్బాలో శనక్కాయలు పోసినట్లు సన్నటి చప్పుడు, తోడుగా గుయ్యిమనే మోత మునుపటికంటే డబుల్. బేస్ గిటార్లో బేస్ తప్ప అన్నీ ఉండాయి. 11 వేలు పెట్టినవాణ్ణి కదా, క్లారిటీ అంటే ఇదే అని మూడు రోజులు నన్ను నేనే నమ్మించుకున్నా.

నాలుగో రోజు మోటార్లు వైండింగ్ చేసే అన్న షాపుకి మోసుకుపోయినా. రాగి చుట్ట సంగతి తెలిసిన మనిషి నాకు తెలిసి ఊర్లో ఆయనొక్కడే. చుట్టూ కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు, వార్నిష్ కంపు. గిటార్‌ని ఎగాదిగా చూసి "తీగలు నాలుగే ఉండాయేమప్పా, రెండు తెగిపోయినాయా?" అన్నాడు. లేదన్నా, ఇది పుట్టుకే ఇంత అన్నా. ప్లేటు ఊడదీసి, ముల్లు మీటరు తగిలించి, స్క్రూడ్రైవర్ పికప్పు మీద ఆనించి లటుక్కున లాగినాడు. ముల్లు కుడికి కొట్టింది. రెండోదానికి ఎడమకి.

"ఫేజు తారుమారప్పా, ఒకటి ముందుకి తోస్తే ఇంకోటి వెనక్కి లాగుతాది. త్రీఫేజు మోటారుకి రెండు వైర్లు అటుదిటైతే ఎదురు తిరిగి నీళ్ళు సరిగ్గా ఎక్కవు చూడు, అట్ల."

అంటే తెల్ల వైరు చోట నల్లది అంటించింది నేనే. ఈ ముక్క ఇక్కడ రాయకూడదనుకున్నా, రాసేసినా. రెండు నిమిషాల్లో మార్చేసి, అంతటితో ఊరుకోకుండా "అయస్కాంతానికీ తీగకీ మధ్య ఇంత గ్యాపుంటే పవరేం వస్తాది" అని పక్క స్క్రూలు తిప్పి పికప్పుల్ని రెండు మిల్లీమీటర్లు పైకి లేపినాడు.

"ఈ స్క్రూలు పాతవాటికి లేవా?"

"ఉండాయన్నా."

"మరి?"

బయట ఏదో లారీ పోతాంటే దాన్ని చూస్తా ఉండిపోయినా.

తీసుకున్నది యాభై రూపాయలు. వెంట తెచ్చుకున్న చిన్న ఆంప్‌కి (సౌండు పెంచే పెట్టెకి) పెట్టి లావు తీగ మీటితే షట్టర్ రేకు గడగడా అదిరింది, నాకైతే కళ్ళలో నీళ్ళు తిరిగినాయి, బోరులో నీళ్ళు పడ్డట్టే. ఆయన పని ఆపి, స్టూలు మీద కూర్చొని, రెండు నిమిషాలు శ్రద్ధగా విన్నాడు.

"బాగుందప్పా. ఇంక పాట మొదలుపెట్టు."