చిన్న కౌంటీలకు అన్యాయమా? అబ్బే!

ఐర్లండ్‌లో చేత్తోనూ కాలితోనూ ఆడే గేలిక్ ఫుట్‌బాల్ పోటీల నిబంధనలు చిన్న కౌంటీలకు, అంటే మన జిల్లాల్లాంటి వాటికి, అన్యాయం చేస్తున్నాయని గిట్టనివాళ్లు కొందరు ఏళ్ల తరబడి చేస్తున్న ప్రచారాన్ని తీవ్రంగా ఖండించడం నా కర్తవ్యమని భావిస్తున్నాను. 1884లో థర్లెస్ పట్టణంలోని ఒక హోటల్లో పుట్టిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌కు న్యాయం మీద ఎంత మమకారమంటే, ఒకసారి చేసిన న్యాయంతో దానికి తృప్తి కలగదు. రెండు మూడేళ్లకోసారి పాత న్యాయాన్ని రద్దు చేసి కొత్త న్యాయం చేస్తూ ఉంటుంది.

అసలు సమానత్వం ఎక్కడుందని అడిగేవారు ముందుగా మైదానం వైపు చూడాలి. ఈ ఆటలో ఆటగాళ్లకు జీతాల్లేవు, వేలంపాటలూ లేవు; ఎవరి కౌంటీకి వారే ఆడతారు. 2022 జనాభా లెక్కల ప్రకారం లీట్రిమ్ కౌంటీలో సుమారు 35 వేల మంది, డబ్లిన్‌లో పద్నాలుగున్నర లక్షల మంది ఉన్నారు. పసిపిల్లలతో సహా లీట్రిమ్ జనమంతా తరలివచ్చినా, 82 వేల మందికి పైగా పట్టే డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియం సగం కూడా నిండదు. అయినా నిబంధన ఎవరి పట్లా పక్షపాతం చూపలేదు. లీట్రిమ్ తన 35 వేలలో పదిహేను మందిని ఎంచుకోవాలి, డబ్లిన్ తన పద్నాలుగున్నర లక్షల్లో అదే పదిహేను మందిని ఎంచుకోవాలి. ఎంపిక చేయడంలో డబ్లిన్ పడే శ్రమను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పిల్లలకు ఆట నేర్పేందుకు అసోసియేషన్ ఇచ్చే నిధుల్లో ఏళ్ల తరబడి డబ్లిన్‌కు దక్కినంత మరే కౌంటీకీ దక్కలేదని కొందరు గొణుగుతారు. అవసరం ఉన్నవారికే ఇవ్వాలన్నది ధర్మమే గానీ, ఆరేళ్లు వరుసగా, 2015 నుంచి 2020 దాకా, దేశ చాంపియన్‌గా నిలవడానికి ఎంత అవసరం ఉంటుందో గెలవనివారికి ఎలా తెలుస్తుంది? 2017లో డబ్లిన్ జట్టు వెస్ట్‌మీత్‌ను 31 పాయింట్ల తేడాతో ఓడించినప్పుడు కూడా ఇరుపక్షాలూ ఆడింది ఒకే బంతితో, ఒకే డెబ్బై నిమిషాలు.

ఇక ప్రావిన్సుల సంగతి. దేశం నాలుగు ప్రావిన్సులుగా ఉంది కాబట్టి పోటీలు కూడా నాలుగుగానే జరగాలి. లెన్‌స్టర్‌లో పన్నెండు కౌంటీలు, అల్‌స్టర్‌లో తొమ్మిది, మన్‌స్టర్‌లో ఆరు, కానక్ట్‌లో అయిదు. ఆ అయిదింటికి తోడు లండన్, న్యూయార్క్ జట్లు కూడా కానక్ట్‌లోనే ఆడతాయి. భూగోళం పట్ల ఇంత ఉదారంగా ఉండే క్రీడాసంస్థ మరొకటి ఉండదు. 2023 నుంచి అమలైన పద్ధతిలో, ప్రావిన్స్ ఫైనల్ చేరిన జట్టుకు దేశంలోని పదహారు మేటి జట్ల సరసన, శామ్ మగ్వైర్ కప్పు పోటీలో, అంటే దేశ చాంపియన్‌షిప్‌లో, చోటు ఖాయం. ఆ ఏడాది స్లైగో జట్టు ముందు లండన్‌ను, తర్వాత న్యూయార్క్‌ను ఓడించి కానక్ట్ ఫైనల్ చేరింది. అంటే ఐర్లండ్‌లోని ఒక్క కౌంటీని కూడా ఓడించకుండానే ఐర్లండ్‌లోని పదహారు మేటి జట్లలో ఒకటైంది. (ఆ న్యూయార్క్ అంతకుముందు లీట్రిమ్‌ను పెనాల్టీలలో ఓడించింది, 1999లో ఈ పోటీలో అడుగుపెట్టాక దానికి అదే తొలి గెలుపు.) బలాన్ని బట్టి జట్లను నాలుగు డివిజన్లు చేసి విడిగా నడిపే లీగ్‌లో నాలుగో డివిజన్ నుంచి వచ్చిన స్లైగో లోపలికి వెళ్లగా, రెండో డివిజన్‌లో ఆడిన మీత్ బయట నిలబడింది. ఇందులో అన్యాయం ఎవరికి జరిగిందో తేల్చడం కష్టం కాబట్టి, ఎవరికీ జరగలేదనే అనుకోవాలి.

మన్‌స్టర్‌లో పూర్వం ఇంతకన్నా చక్కని ఏర్పాటు ఉండేది. కెర్రీ, కార్క్ జట్లు ఫైనల్‌కు ముందే ఎదురుపడితే వాటి మనసు నొచ్చుకుంటుందని రెండింటినీ డ్రాలో చెరో వైపు ఉంచేవారు. 1990ల ఆరంభంలో ఎవరికో దుర్బుద్ధి పుట్టి డ్రాను అందరికీ ఒకటే చేశారు. 1992లో క్లేర్ జట్టు కెర్రీని ఓడించి, 1917 తర్వాత మళ్లీ అప్పుడే మన్‌స్టర్‌ను గెలిచింది. నిబంధనలను సడలిస్తే ఎంత అనర్థం జరుగుతుందో చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు.

చిన్న జట్లు ఒక్క ఓటమితో ఇంటిదారి పట్టకూడదన్న దయతో 2001లో దొడ్డిదారి తెరిచారు. ఆ దారిన మొట్టమొదట వచ్చి కప్పు పట్టుకుపోయింది గాల్వే. అప్పటికి మూడేళ్ల క్రితమే అది ఒకసారి దేశాన్ని గెలిచిన జట్టు. దారి అన్నాక పెద్దలూ నడుస్తారు. తర్వాత బలహీనుల కోసం విడిగా టామీ మర్ఫీ కప్పు పెట్టి, 2008తో దాన్ని ఎత్తేశారు. 2022లో టాల్చన్ కప్పు వచ్చింది. గెలిస్తే మరుసటి ఏడాది పెద్దల పంక్తిలో విస్తరి వేస్తారు, ఓడితే మళ్లీ వచ్చి ఇక్కడే ఆడమంటారు. పొమ్మనలేక పొగబెట్టడం కాదిది. పొగ పెట్టి, ఆ పొగకు ఒక వెండి కప్పు కూడా ఇచ్చారు.

పెద్దల పంక్తిలో 2023 నుంచి 2025 దాకా నడిచిన లెక్క మాత్రం నిజంగా అబ్బురం. పదహారు జట్లను నాలుగు గ్రూపులు చేసి, గ్రూపుకు ఆరు చొప్పున 24 మ్యాచ్‌లు ఆడించి, గ్రూపుకు ఒక్క జట్టు చొప్పున నాలుగంటే నాలుగు జట్లను ఇంటికి పంపేవారు. కొండను తవ్వి ఎలుకను పట్టారని విమర్శించినవారు పట్టిన ఎలుకలు నాలుగు అన్న సంగతి మరిచారు.

నిబంధన నిబంధనే అని నిరూపించిన ఘనత 2010 లెన్‌స్టర్ ఫైనల్‌ది. యాభై ఏళ్ల తర్వాత ఫైనల్ చేరిన లౌత్ జట్టు, అదనపు సమయం కూడా అయిపోవస్తుండగా మీత్ మీద ఒక్క పాయింట్ ఆధిక్యంలో ఉంది. గోల్ ముందు పెనుగులాటలో మీత్ ఆటగాడొకరు బంతిని చేత్తోనే గీత దాటించాడు, అది నిబంధనకు విరుద్ధం. స్టేడియంలో చాలామంది చూశారు, టీవీలో దేశమంతా చూసింది, గోల్ మాత్రం నిలిచింది. మీత్ 1-12, లౌత్ 1-10 (ముందు అంకె గోల్స్, తర్వాతది పాయింట్లు; ఒక గోల్ మూడు పాయింట్లతో సమానం). పొరపాటు జరిగిందని రిఫరీ తర్వాత ఒప్పుకున్నాడు. మళ్లీ ఆడించే అధికారం తమకు ఏ నిబంధనలోనూ లేదని అసోసియేషన్ చేతులు ముడుచుకుంది. మీత్ పెద్ద మనసు చేసుకుంటే ఆడించవచ్చన్నారు, మీత్ చేసుకోలేదు. తప్పును సరిదిద్దే బాధ్యత ఆ తప్పు వల్ల లాభపడ్డవారి చేతిలో పెట్టిన ఈ విధానాన్ని అర్థం చేసుకోవడానికి లౌత్ ప్రజలకు కొంత వ్యవధి పట్టింది. 2025లో వారు అదే మీత్‌ను 3-14, 1-18 స్కోరుతో ఓడించి, 1957 తర్వాత తొలిసారి లెన్‌స్టర్ గెలిచారు. ఇందుకు మాత్రం ఏ కమిటీ కూడా తమదే ఘనత అని చెప్పుకోలేదు.

కిల్డేర్ విషయంలో అసోసియేషన్ మెతకదనం నన్ను కలవరపెట్టింది. 2018లో మేయోతో ఆడాల్సిన మ్యాచ్ డ్రాలో కిల్డేర్ సొంత మైదానానికి పడింది. న్యూబ్రిడ్జ్‌లోని ఆ మైదానంలో ఎనిమిది వేల మందికి మించి పట్టరు కాబట్టి క్రోక్ పార్కుకు రమ్మన్నారు. ఆడితే న్యూబ్రిడ్జ్‌లో, లేకపోతే ఎక్కడా ఆడేది లేదని కిల్డేర్ భీష్మించుకుంది. సొంత మైదానం అనే మాటను అక్షరాలా నమ్మిన ఈ అమాయకత్వానికి అసోసియేషన్ లొంగిపోయింది, పైగా కిల్డేర్ గెలిచింది. డబ్లిన్‌కు ఇలాంటి మొండితనం ఏనాడూ లేదు. ఎక్కడ ఆడమన్నా, ఆ ఎక్కడ అన్నది క్రోక్ పార్క్ అయినంతకాలం, అది మారుమాట్లాడలేదు.

లీగ్ ప్రతిభను బట్టి చాంపియన్‌షిప్ నడపాలన్న ప్రతిపాదన 2021 అక్టోబర్‌లో ప్రత్యేక కాంగ్రెస్, అంటే అసోసియేషన్ ప్రతినిధుల సభ, ముందుకు వచ్చింది. అనుకూలంగా 50.6 శాతం ఓట్లు పడ్డాయి, కావలసింది 60 కనుక వీగిపోయింది. సగానికి పైగా జనం కోరుకున్నది జరగకుండా ఆపడానికి ఎంత పకడ్బందీ ఏర్పాటు కావాలో గమనించండి. ఆఖరికి 2025 కాంగ్రెస్‌లో ఆ నాలుగు గ్రూపుల పద్ధతికి కూడా నీళ్లొదిలి, 2026 నుంచి తొలి రౌండ్‌లో ఓడినవారికి మరో అవకాశం ఉండే ఇంకో పద్ధతిని ఆమోదించారు. పాత దొడ్డిదారికి కొత్త తలుపు బిగించారన్నమాట.

ఇంతటి యంత్రాంగాన్ని తప్పుబట్టే చిన్న కౌంటీలకు నేను ఇవ్వగల సలహా ఒకటుంది, కిల్కెన్నీని చూడండి. కర్రలతో ఆడే మరో ఐరిష్ ఆట హర్లింగ్‌లో తిరుగులేని ఈ కౌంటీ సీనియర్ ఫుట్‌బాల్ చాంపియన్‌షిప్‌లో పాల్గొనదు, కాబట్టి ఓడదు, రిఫరీలతో పేచీ పడదు, మైదానం మార్చమని ఎవరూ అడగరు. దాని ఖాతాలో 1911 నాటికే మూడు లెన్‌స్టర్ ఫుట్‌బాల్ టైటిళ్లు ఉన్నాయి. అదే ప్రావిన్స్‌లోని విక్లో ఏటా క్రమం తప్పకుండా ఆడుతోంది, ఇప్పటిదాకా ఒక్కటీ గెలవలేదు.