ఏప్రిల్‌లో వరద సర్వే

వాననీరు ఎక్కడ నిలుస్తుందో కనిపెట్టాలంటే కన్సల్టెంట్లే రావాలి. జనానికేం తెలుసు, పాపం? ఆ నీళ్లలో నడవడం తప్ప.

సర్వే ఏప్రిల్‌లోనే చేయాలి. వానలో అయితే డ్రోన్ తడుస్తుంది. హైదరాబాద్‌లో ఏ నాలా పక్క బస్తీలోనైనా ఈ దృశ్యం చూడొచ్చు. మూడు కాళ్ల స్టాండు, పైన యంత్రం, పసుపు టోపీ కుర్రాడు ఒంటికన్ను మూసి లెవెల్ చూస్తుంటాడు. వెనకే మిర్చిబజ్జీల బండి. బండి వెనక షట్టరు మీద నడుమెత్తున మట్టిచార, 2020 అక్టోబరుది.

'ఇక్కడిదాంక వస్తయి సార్.'

'జర పక్కకు జరుగు, రీడింగుకు అడ్డమొస్తున్నవ్.'

'పెద్ద తూము తెచ్చి చిన్న తూముల కలిపిన్రు సార్, గా మూలమీద...'

'జరగమన్నానా!'

బజ్జీలాయన అన్నది ఇంజినీరింగే. వాలు ఒకటే అయినప్పుడు 600 మి.మీ. పైపు మోసేది 900 మి.మీ. పైపు మోసే నీటిలో మూడో వంతే. గంటలో 25 మి.మీ. వాన పడితే హెక్టారు మీద రెండున్నర లక్షల లీటర్లు. మిగతాది షట్టరు ఎక్కక ఎక్కడికి పోతుంది? పైగా పాత తారు గీకకుండా 40 మి.మీ. చొప్పున ఐదుసార్లు రోడ్డేస్తే, రోడ్డు జానెడు లేస్తుంది, గుమ్మాలు గోతిలోకి పోతాయి, నీళ్లు దిగాల్సిన జాలీ తారు కింద సమాధి. నాలాలో తీసిన పూడికను ఒడ్డునే పోస్తారు. మొదటి వానకే అది పుట్టింటికి చేరుతుంది.

అభ్యంతరాలు చెప్పమని పటం కూడా అంటిస్తారండోయ్! 1:10,000 స్కేలులో పది మీటర్ల రోడ్డు ఒక మిల్లీమీటరు. భూతద్దం ఎవరిది వారే తెచ్చుకోవాలి. జనాభా మూడు లక్షలు దాటిన ఊళ్లలో వార్డు కమిటీలుండాలని రాజ్యాంగంలో 243ఎస్ అధికరణం ఉంది. ఉండనివ్వండి, అదేం అడ్డం?

వాన రాత్రి ఏ మూత ఎత్తితే వీధి ఖాళీ అవుతుందో పారిశుద్ధ్య కార్మికుడికి తెలుసు. ఎత్తిన గుంతలో ఎవరూ పడకుండా చెట్టుకొమ్మ గుచ్చేదీ అతనే. ఏ మ్యాన్‌హోల్‌లో గ్యాస్ ఉందో మాత్రం దిగాక తెలుస్తుంది. రక్షణ సామగ్రి లేకుండా దించకూడదని 2013లో చట్టమొచ్చింది. చస్తే ఇచ్చే పరిహారాన్ని 2023లో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలు చేసింది. శవానికి రేటు కట్టడం వచ్చు మనకు. బతికుండగా పిలిచి, 'ఈ పైపు ఎక్కడ పూడింది?' అని ఒక్కమాట అడగడం చేతకాదు. సిగ్గులేని బతుకులు!

నివేదిక జూన్‌లో వస్తుంది. అందులోని పటంలో ఆ సందుకు ఆకుపచ్చ రంగు వేశారు, ముప్పు లేదట. బజ్జీలాయన మబ్బు చూసి స్టవ్వు కింద రెండిటుకలు ఎక్కువ పేర్చుకుంటున్నాడు.