‘ఇది’ అంటే ఏది సార్?

డిగ్రీ ఎకనామిక్స్ క్లాసు. లెక్చరర్ బోర్డు మీద రెండు గీతలు గీసి, "ఇదేమో ఇలా దిగుతుంది, అదేమో అలా ఎక్కుతుంది, ఇక్కడ రెండూ కలిశాయి చూడండి" అంటారు. రెండో బెంచీలో చూపులేని కుర్రాడు ఉన్నాడనుకుందాం. అతని చెవిన పడింది ఇది, అది, ఇక్కడ. అంతే. "డిమాండ్ రేఖ ఎడమ నుంచి కుడికి దిగుతుంది, సప్లై రేఖ ఎక్కుతుంది, రెండూ కలిసే చోట ధర నిలుస్తుంది" అని ఉంటే అతనికీ పాఠం అందేది. కిటికీలోంచి కాలువగట్టు చూస్తూ కూర్చున్న చివరి బెంచీకి కూడా అందేదేమో.

గోదావరి జిల్లాల్లో కాలేజీలకు కొదవ లేదు. చట్టానికీ కొదవ లేదు. 1995 వికలాంగుల చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం వాటిని 21కి పెంచింది. 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో కనీసం 5 శాతం సీట్లు, వయసులో 5 ఏళ్ల సడలింపు ఇవ్వాలంది. అయితే చట్టం సీటు దాకా తెస్తుంది. సీట్లో కూర్చున్నాక ఏం వినపడుతుంది, ఏం కనపడుతుందన్నది లెక్చరర్ చేతిలో ఉంది.

అక్కడే చిక్కు. మన దగ్గర ఏ వెసులుబాటైనా అడిగితేనే వస్తుంది. సెమిస్టర్ మారినప్పుడల్లా, లెక్చరర్ మారినప్పుడల్లా మళ్లీ అడగాలి. వినికిడి తక్కువైన అమ్మాయి పెదవుల కదలికను బట్టి పాఠం పట్టుకుంటుంది. మేడమ్ బోర్డు వైపు తిరిగి మాట్లాడితే ఆ మాట ఆమెకు లేనట్టే. "ఇటు తిరిగి చెప్పండి మేడమ్" అని అందరిముందూ గంటకెన్నిసార్లు అంటుంది? లంక గ్రామాల నుంచి వచ్చే పిల్లలకు లెక్చరర్‌ని ఆపి అడగడమే పెద్ద టెన్షన్. అందుకే మొదటి క్లాసులోనే లెక్చరర్లు ఒక మాట చెప్పాలని కోరుతున్నాం: "చూడ్డానికో, వినడానికో, రాయడానికో ఇబ్బంది ఉన్నవాళ్లు క్లాసయ్యాక నాకు చెప్పండి. నా దగ్గరే ఉంటుంది."

అలా వచ్చినవాళ్లను "ముందు సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) చూపించు" అని నిలదీయొద్దు. చెయ్యి కొంకర్లు పోయి రాయలేని ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో, 40 శాతం వైకల్యం ఉంటేనే స్క్రైబ్‌ను (చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే మనిషిని) ఇస్తామనడం కుదరదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలోనే చెప్పింది. కంటికి కనిపించేదే వైకల్యం కాదు కూడా. తలసీమియా, సికిల్ సెల్ కూడా ఆ 21లో ఉన్నాయి. కొద్దివారాలకోసారి రక్తం ఎక్కించుకోవాల్సిన విద్యార్థి చూడ్డానికి అందరిలాగే ఉంటాడు. అటెండెన్స్ రిజిస్టర్‌లో మాత్రం ఎగ్గొట్టినవాడిలా కనిపిస్తాడు.

నోట్స్ సంగతి ఇంకోటి. ఫోన్లో అక్షరాలు చదివి వినిపించే సదుపాయం ఇప్పుడు ఉచితంగానే ఉంది. కానీ ఎవరిదో నోటుబుక్కు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడితే అది చదవడానికి తంటాలు పడుతుంది. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టిన తెలుగైతే అర్థం లేని అక్షరాలు వల్లిస్తుంది. (ఆ మాటకొస్తే తెలుగు పత్రికలు కూడా ఏళ్లతరబడి అలాంటి ఫాంట్లతోనే నడిచాయి. తప్పు మాదీను.) యూనికోడ్‌లో టైపు చేసి, పాఠానికి ఒకరోజు ముందు పంపితే చాలు.

పరీక్షల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని 2018లోనే కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. మిడ్ పరీక్షలకు, స్లిప్ టెస్టులకు వచ్చేసరికి చాలామందికి ఇది గుర్తుండదు. స్క్రైబ్ కోసం పరీక్ష రోజు పొద్దున అటెండర్‌ను పరుగులు పెట్టించే కాలేజీలూ ఉన్నాయి. బాటనీ పేర్లు ఎప్పుడూ వినని పిల్లాడు వచ్చి కూర్చుంటే, చెప్పినవాడికి వచ్చినా రాసినవాడికి రాదు. పాపమని నాలుగు మార్కులు ఎక్కువేసే అలవాటు అంతకన్నా చెడ్డది. ఆ విద్యార్థి అడిగింది ప్రశ్నపత్రం, జాలి కాదు.

అరవై మంది ఉన్న క్లాసులో ఒక్కరి కోసం ఇన్ని ఎలా కుదురుతాయని లెక్చరర్లు అంటారు. గెస్ట్ ఫ్యాకల్టీగా గంటల లెక్కన పనిచేసేవాళ్ల బాధ మాకు తెలుసు, వాళ్లకు శిక్షణ ఇచ్చినవాళ్లూ లేరు. యూనివర్సిటీ ఆ పని చెయ్యాలి. కానీ బోర్డు మీద రాసింది పైకి చదవడానికి శిక్షణతో పనిలేదు.

గదుల కేటాయింపుకీ అంతే. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి నరసాపురంలో దిగే విద్యార్థి చేతికర్రలతో తడిసిన రేవు ఎక్కి, ఆటో పట్టుకుని తొమ్మిదిన్నరకు కాలేజీకి చేరతాడు. అతని మొదటి పీరియడ్ రెండో అంతస్తులో ఉంటే మెట్లెక్కేసరికి అయ్యే ఆలస్యం అతనిదా, టైంటేబుల్ వేసినవాళ్లదా? ఈ ఏడాది టైంటేబుల్ ఇంకా నోటీసు బోర్డు ఎక్కకపోతే, ప్రిన్సిపాళ్లు ఈ వారమే దాన్ని తెప్పించుకుని, అలాంటి విద్యార్థులున్న సెక్షన్లన్నీ కింది అంతస్తుకు మార్పించాలి.