చెరువులో తోసేస్తే ఈతొచ్చేస్తుందా? ఆ వాట్సాప్ మెసేజికి నా జవాబు

మన వైపు గ్రూపులన్నిట్లో ఒక మెసేజ్ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. డీఎడ్, బీఎడ్ చదివేవాళ్ళకి పిల్లలకి ఈత, నీళ్ళ దగ్గర జాగ్రత్తలు నేర్పే ట్రైనింగ్ ఇవ్వాలని ఎవరో అన్నందుకు సమాధానమట. "చెరువులో తోసేస్తే గుంటడు వాడే ఈదుతాడు, ఈత రాని మాస్టారు ఏటి నేర్పుతాడు, ఈతొస్తే ఇంకా నీళ్ళకేసే పోతారు, మనకి పూల్స్ ఎక్కడున్నాయి, మునిగినా పొట్ట నొక్కి ఉప్పులో పడుకోబెడితే లేస్తాడు." ఇదీ అందులో ఉన్న సరుకు.

తోసేస్తే వస్తుంది అనేది ముందు చూద్దాం. అలా తోసేస్తే బతికి బయటపడ్డవాళ్ళే ఇప్పుడు ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేస్తున్నారు, మునిగిపోయినవాడు వచ్చి గ్రూపులో రిప్లై పెట్టడు కదా. అయినా తాతలు మాత్రం ఊరికే తోసేశారా ఏటి, నడుముకి ఎండిన ఆనపబుర్రో బెండో కట్టి, పక్కన బాబాయో మావయ్యో నీళ్ళలో నిలబడి నేర్పేవారు, అది ట్రైనింగ్ కాక మరేటి? ఇప్పుడా బాబాయి హైదరాబాదో చెన్నైయో పనికెళ్ళిపోయాడు. నాగావళి, వంశధారల్లో ఇసుక తవ్వేసిన గోతులు ఎక్కడున్నాయో పెద్దోళ్ళకే తెలీదు, మోకాల్లోతులో నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగుకి నిలువులోతు. కళింగపట్నం, బారువ, చింతపల్లి బీచ్‌లయితే ఇంకో కథ, అక్కడ సముద్రంలోకి లాగేసే పాయలో పడితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, ఒడ్డు వెంబడి పక్కకి ఈది దాన్ని తప్పించుకోవాలి, చెరువులో ఎంత గజ ఈతగాడైనా ఈ ముక్క ఒకరు చెప్తేనే తెలుస్తుంది.

ఈత రాని మాస్టారు ఏటి నేర్పుతాడు? బాబూ, అందుకే కదా ట్రైనింగ్ అంటున్నాం! వమరవల్లి డైట్ అనే టీచర్ ట్రైనింగ్ కాలేజీలో చదివే అమ్మాయి రేపు డీఎస్సీ కొట్టి హిరమండలం వైపు ఏ ఊళ్ళోనో చేరితే బడి బయట కాలవ ఉంటుంది, పిల్లలు రోజూ దాని పక్కనుంచే వస్తారు. ఆమె మెడల్స్ కొట్టక్కర్లేదు, అయినా బాగా ఈదేవాడు బాగా నేర్పుతాడని రూలేం లేదు. వెల్లకిలా తేలడమే తీసుకోండి, పిల్లలు భయంతో తల పైకెత్తుతారు, తల లేస్తే నడుం దిగిపోతుంది, నోట్లోకి నీళ్ళొస్తాయి, ఇక ఏడుపే. తెలిసిన టీచరైతే నడుం లోతులోనే వీపు కింద చెయ్యి పెట్టి "చెవులు నీళ్ళలో పెట్టు, పైకి చూడు, పొట్ట పైకి తియ్యి" అంటుంది, కుదిరాక చెయ్యి మెల్లగా తీస్తుంది. దానికి ముందు గట్టు పట్టుకుని నీళ్ళలో బుడగలు ఊదడం, మొహం ముంచడం. ఇదంతా ఏ క్రమంలో చెప్పాలన్నది లెసన్ ప్లాన్ రాసేవాళ్ళకి అర్థం కానిదేం కాదు.

సగం పాఠానికి నీళ్ళే అక్కర్లేదు. మునిగేవాడు సినిమాలోలా కేకలెయ్యడు, ఊపిరికే టైం చాలదు, చప్పుడు లేకుండా పోతాడు. వాణ్ణి చూసి ఫ్రెండు దూకితే ఇద్దరూ పోతారు, మన పేపర్లో వచ్చే వార్తలు ఎక్కువ ఇలాంటివే. గట్టు మీద బోర్లా పడుకుని గెడో చున్నీయో అందించడం, ఖాళీ నూనె క్యాన్‌లో కాసిన్ని నీళ్ళు పోసి మూత బిగించి తాడు కట్టి విసరడం (ఉత్త క్యాన్ గాలికి పక్కకి పోతుంది, అందుకు ఆ నీళ్ళు), ఇవన్నీ బడి గ్రౌండ్‌లోనే నేర్పొచ్చు.

ఈతొస్తే ఇంకా మునుగుతారు అన్నదానికి బంగ్లాదేశ్ చూడండి. అక్కడ స్విమ్‌సేఫ్ అని ఊరి చెరువుల్లోనే వెదురు ప్లాట్‌ఫాం కట్టి, ఆ ఊరివాళ్ళకే ట్రైనింగ్ ఇచ్చి పిల్లలకి నేర్పించారు, నేర్చుకున్న పిల్లల్లో మునిగి చనిపోవడం 90 శాతం పైనే తగ్గిందని 2012లో పీడియాట్రిక్స్ జర్నల్‌లో పేపరొచ్చింది. పూల్స్ ఎక్కడున్నాయి అన్నదానికీ ఇదే జవాబు, మళ్ళీ రాయను. అలాగని బుడిబుడి అడుగులేసే పిల్లలకి ఈత రక్ష కాదు, వాళ్ళకి నూతికి గోడ, కనిపెట్టుకునే మనిషి కావాలి. డబ్ల్యూహెచ్‌ఓ ఈత నేర్పమన్నది బడి ఈడు పిల్లలకి.

ఇక ఉప్పు. ఇది మాత్రం నాకు కోపం తెప్పించే ముక్క. ఉప్పులో పాతితే ఎవడూ లేవడు. పొట్ట నొక్కితే లోపలున్నది గొంతులోకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, భుజానేసుకుని తిప్పితే టైం దండగ. మునిగినవాడికి ఆగింది ఊపిరి, కాబట్టి 108కి ఒకరు ఫోన్ చేస్తుండగానే ఇంకొకరు ముక్కు మూసి నోటితో గాలి ఊదాలి, తర్వాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు లెక్కన 30 నొక్కులు, 2 ఊదులు, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. ఇది బొమ్మ మీద ప్రాక్టీస్ చేస్తేనే చేతికొస్తుంది. ఆ బొమ్మ బీఎడ్ కాలేజీలో ఒకటి పెట్టండ్రా అంటే తప్పా? ఆ మెసేజ్ రాసినాయన మిగతావి ఒప్పుకోకపోయినా పర్లేదు, ఆ ఉప్పు లైను మాత్రం ఇవాళే డిలీట్ చెయ్యాలి.