డక్టులో అద్దెదారు

మా అపార్ట్‌మెంటు చిక్కడపల్లిలో. కట్టి నలభై ఏళ్లు కావస్తోంది. పన్నెండు ఫ్లాట్లు, పన్నెండు వంటిళ్లు, అన్నిటికీ వెనక ఒకటే డక్టు. పాత ఇనుప గొట్టాలు, కొత్త ప్లాస్టిక్ గొట్టాలు, ఎవరివో తెలియని కేబుల్ తీగలు అన్నీ అందులోనే. మనుషుల లిఫ్టు నెలకోసారి మొరాయిస్తుంది. ఎలుకల లిఫ్టు మాత్రం ఇంతవరకు ఆగిన పాపాన పోలేదు.

మా వంటింటికి ఎలుకను పిలిచింది ఒక విధంగా ప్లంబరే. గొట్టం మార్చి, చుట్టూ మిగిలిన సందులో సిమెంటుకు బదులు గోనెగుడ్డ కుక్కి వెళ్లాడు. ఎలుకకు దారితో పాటు పరుపు కూడా అమరింది.

బియ్యం డబ్బా మూత అంచు కొరికి ఉండటం చూసి మా ఆవిడ, "ఏమండీ, మనింట్లో ఎలుక!" అంది.

"మనింట్లోది కాదు, డక్టులోది" అన్నాను, ఆ మాటతో మూత అతుక్కుంటుందన్నట్టు.

సాయంత్రం కిరాణా కొట్లో జిగురు అట్ట కొన్నాను. రాత్రి సింకు కింద పరిచాను. రెండు గంటలకు దాహం వేసింది. లైటు వేస్తే ఎలుక బెదురుతుందన్న మహా తెలివితో చీకట్లోనే నడిచాను. కుడికాలు ఆగింది, నేను ఆగలేదు. ఫ్రిజ్జును కావలించుకుని నిలదొక్కుకున్నాను. అట్టను లాగబోతే చెయ్యి కూడా అంటుకుంది. మా ఆవిడ వచ్చి లైటు వేసే సరికి, ఒంటికాలి మీద వంగి, నా పాదం నేనే పట్టుకుని ఉన్నాను.

"నవ్వను లెండి" అని మాట ఇచ్చి మరీ నవ్వింది.

ఆ జిగురు నీళ్లకు లొంగదు, సబ్బుకు లొంగదు. వంటనూనెకే లొంగుతుంది. వేరుశనగ నూనె పోసి రుద్దుతుంటే అరికాలి నుంచి తీగపాకంలా సాగింది. మేము ఆ పనిలో ఉండగా నూనె వాసనకు కాబోలు, అది గొట్టం మీదకు వచ్చి కూర్చుంది. మీసాలు కదుపుతూ కాసేపు చూసి, తొందరేమీ లేకుండా వెళ్లిపోయింది.

ఆదివారం అసోసియేషన్ సమావేశం. డక్టు అందరిదీ గాని, కన్నం ఎవరిది వారిదే అని తేల్చారు. మందు పెడదామంటే, అది తిన్న ఎలుక వెంటనే చావదు, నాలుగైదు రోజులకు డక్టులోనే ఎక్కడో చస్తుంది, వాసన పన్నెండు ఇళ్లూ పంచుకోవాలి అన్నారు. మూడో అంతస్తు మామ్మగారు, "వినాయకుడి వాహనం, పాపం నాయనా" అన్నారు.

"వాహనమైతే పార్కింగులో ఉండాలి కదండీ" అన్నాడు సెక్రటరీ.

"అక్కడా ఉంది. నా కారు వైర్లు కొరికింది అదే" అన్నారు రెండో అంతస్తు ఆయన.

కింది ఇంటి రిటైర్డు మాస్టారు మాత్రం కారును కొరికింది పందికొక్కే అని పట్టుబట్టారు. ఇంగ్లిషులో 'బాండికూట్' అనే మాట మన పందికొక్కు నుంచే పోయిందని చెప్పి, సభ ముగిసే దాకా ఆ గర్వంలోనే ఉండిపోయారు.

చివరికి బోను తెచ్చాను. కొత్త వస్తువంటే ఎలుకకు మహా అనుమానం. అందుకని ముందు బిగించకుండా తలుపు తెరిచి ఉంచి, లోపల తిండి పెట్టి నమ్మించాలి. నాలుగు రాత్రులు, సందు చివరి బండి నుంచి తెచ్చిన మసాలా వడ, వేడి తగ్గకుండా పెట్టాను. పండగకు వచ్చిన అల్లుడికి కూడా మా ఇంట్లో అంత మర్యాద జరగలేదు. అయిదో రాత్రి బిగించాను. టప్పుమంది.

తెల్లవారుజామున అయిదింటికి బోనును సంచీలో పెట్టి, స్కూటర్ మీద ఇందిరా పార్కు గోడ పక్కకు తీసుకెళ్లాను. అక్కడ అప్పటికే ఒకాయన నిలబడి ఉన్నాడు. చేతిలో గుడ్డ సంచీ.

"వాకింగా?" అన్నాను.

"వాకింగే. మీరు?"

"నేనూ అంతే."

ఇద్దరిలో ఒక్కరమూ అడుగు కదపలేదు. ఆయన సంచీ దానంతట అదే ఓసారి ఊగింది. మసాలా వడ వాసన గుప్పుమంది.

"మీదే పేట?" అని అడిగాడు చివరికి.

"చిక్కడపల్లి."

ఆయన సంచీని మెల్లగా వెనక్కి దాచుకున్నాడు. "ఇన్నాళ్లూ నేను వదిలింది అక్కడేనండి. ఇవాళే మొదటిసారి ఇటు వచ్చాను."